ఆర్కిడ్ మళ్లీ ఎందుకు పూయదు?

గృహప్రవేశానికో పెళ్లిరోజుకో ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెడతారు. తెల్ల పింగాణీ కుండీ, నాలుగైదు దళసరి ఆకులు, విల్లులా వంగిన కాడ, దాని మీద వరసగా పూలు. సాయంత్రం విచ్చి తెల్లారేసరికి వాడిపోయే మల్లెలకు అలవాటుపడ్డ ఇంట్లో ఆ పూలు రెండు మూడు నెలలు చెక్కుచెదరకుండా నిలబడటం వింతే. వాసన ఉండదు, అదొక్కటే వంక. తర్వాత ఒక్కొక్కటే రాలతాయి, కాడ ఎండుతుంది, ఆకులు మిగులుతాయి. కొన్ని ఇళ్లలో ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఆకులు కూడా తోలుముక్కల్లా ముడతలుపడి మొక్క పోతుంది. మరికొన్ని ఇళ్లలో ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి, పువ్వు మాత్రం రాదు. ఇద్దరూ నర్సరీకి వెళ్తారు. ఇద్దరికీ అదే ఎరువు పొట్లం దొరుకుతుంది.

చనిపోయే మొక్క వేళ్ల దగ్గర చనిపోతుంది. పూయని మొక్క పగటి వేడి దగ్గర ఆగిపోతుంది. ఎరువు పాత్ర రెండు చోట్లా చాలా తక్కువ.

ఈ మొక్క పేరు ఫెలనాప్సిస్. గ్రీకులో మొదటి సగానికి అర్థం దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు, రెండో సగానికి పోలిక. జావాలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ బ్లూమె 1825లో ఆ పేరు పెట్టాడు. ఇండోనేషియాలో దీన్ని చంద్రుడి ఆర్కిడ్ అని పిలుస్తారు. 1993లో ఆ దేశం ఎంచుకున్న మూడు జాతీయ పుష్పాల్లో ఇదొకటి. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా సుమారు 70 జాతులు అడవుల్లో ఉన్నాయి. దుకాణంలో దొరికేవి వాటిని తరతరాలుగా సంకరం చేసి తీసిన రకాలు. పువ్వు ఎంత మారినా వేళ్ల అలవాటు మాత్రం మారలేదు.

ఆ అలవాటు చెట్టు కొమ్మది. తేమ నిండిన అడవిలో, పెద్ద చెట్ల నీడలో, కొమ్మల బెరడును పట్టుకుని ఇది వేలాడుతుంది. కుండీలో చూసినట్టు నిటారుగా కూర్చోదు. ఆకులు కిందికి వాలి ఉంటాయి, వాన పడితే నీళ్లు ఆకుల మొదట్లో నిలవకుండా జారిపోతాయి. మట్టి ఊసే లేదు. జడివాన వేళ్లను తడుపుతుంది, కాసేపటికి గాలి వాటిని ఆరబెడుతుంది, మళ్లీ వాన. నిండా తడవడం, పూర్తిగా ఆరడం అనే ఆ వరసకే వేళ్లు తయారయ్యాయి.

చెట్టు మీద పెరిగేదల్లా చెట్టు రసం పీల్చేదేనని మన దగ్గర ఒక అనుమానం ఉంది. బదనిక అన్న మాటలోనే అది దాగుంది. మామిడి కొమ్మలోకి వేరు దింపి నిజంగానే రసం లాగే మొక్కనూ, అదే కొమ్మ మీద ఊరికే కూర్చునే వాండా ఆర్కిడ్‌నూ పల్లెల్లో బదనిక అనే అంటారు. ఆ వాండాను సామర్లకోట తోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తన గ్రంథంలో 1795లోనే శాస్త్రీయంగా వర్ణించాడు. తూర్పు కనుమల్లో ఈనాటికీ కనిపిస్తుంది. వాండా, ఫెలనాప్సిస్ రెండూ చెట్టును అరుగులా వాడుకుంటాయంతే. ఆకాశం నుంచి పడే నీళ్లూ, బెరడు పగుళ్లలో పేరుకున్న చెత్తా చాలు వాటికి.

వేరును దగ్గరగా చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. చిటికెన వేలికంటే సన్నం, బలపం అంత లావు. ఆరినప్పుడు వెండి బూడిద రంగు. కొళాయి కింద పెడితే చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. పైనున్న తెల్లటి పొర నిర్జీవ కణాల స్పాంజి. దాని పేరు వెలామెన్. గాలి నిండి ఉన్నంతసేపు తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు పీల్చాక పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. అవును, వేరుకూ పత్రహరితం ఉంది, వెలుతురు తగిలితే అదీ ఆహారం తయారు చేస్తుంది. ఈ మొక్కను పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో పెంచమనడానికి కారణాల్లో ఇదొకటి. అంతకంటే పనికొచ్చే కారణం మరొకటుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో వేరు రంగే చెబుతుంది. పచ్చగా ఉంటే ఆగాలి, వెండి రంగు తిరిగితే పోయాలి. వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టుకునే పని లేదు. ఆ లెక్క వానాకాలంలో ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి, ఏసీ గదిలో మరొకటి.

పోయిన మొక్కను ఒకసారి కుండీలోంచి ఊడదీసి చూడండి. పింగాణీ కుండీ అడుగున రంధ్రం ఉండదు, అందులో రెండంగుళాల నీళ్లు నిలిచి పుల్లటి వాసన కొడతాయి. లోపలి ప్లాస్టిక్ కుండీ మధ్యలో, మొక్క మొదలుకు సరిగ్గా కింద, నాచు ముద్ద ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది. నర్సరీలో పిల్లమొక్కగా ఉన్నప్పుడు చుట్టిన నాచు అది, ఎవరూ తియ్యలేదు. పైన బెరడు ముక్కలు ఎండి కనిపిస్తాయి కాబట్టి ఇంటివాళ్లు నీళ్లు పోస్తూనే ఉంటారు, ఆ ముద్ద మాత్రం ఎప్పుడూ ఆరదు. గోధుమరంగు వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పై పొర తడి కాగితంలా ఊడొస్తుంది, లోపల దారప్పోగు ఒక్కటి మిగులుతుంది. అప్పటికి మొక్కకు నీళ్లు తాగే నోరే లేదు. అందుకే ఆకులు దాహంతో ముడతలు పడతాయి. అది చూసి ఇంకాస్త నీళ్లు పోస్తారు. ఫెలనాప్సిస్‌లో ఎక్కువ భాగం పోయేది ఈ వలయంలోనే.

కాబట్టి కొన్న మొక్క పూలు రాలగానే చెయ్యాల్సిన మొదటి పని కుండీ మార్చడం. నాచు ముద్దను ఓపికగా విడదీయాలి, మెత్తబడ్డ వేళ్లను కత్తిరించాలి, గట్టి వేళ్లను వదిలేయాలి. కొత్తగా వేసేది మట్టి కాదు. పైన్ బెరడు ముక్కలు దొరికితే మేలు. దొరక్కపోతే కట్టెబొగ్గు ముక్కలు, అంగుళం సైజు కొబ్బరి డొక్క ముక్కలు కలిపి వాడుకోవచ్చు. కడియం నర్సరీల చుట్టుపక్కల కొబ్బరి డొక్కకు కరువు లేదు. అయితే డొక్కలో ఉప్పు ఉంటుంది. రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి కడిగాకే వాడాలి, లేకపోతే వేరు కొనలు నల్లబడతాయి. డొక్క, బెరడు రెండూ కాలంతో పాటు కుళ్లి మెత్తబడి గాలి చొరబడకుండా చేస్తాయి కాబట్టి రెండేళ్లకోసారి మార్చక తప్పదు. కుండీ పెద్దది తీసుకోవాలన్న ఆశ మాత్రం వద్దు. వేళ్లు ఇరుకుగా పట్టేంత చాలు.

నీళ్ల పరిమాణం గురించి అందరూ మాట్లాడతారు, నాణ్యత గురించి తక్కువ. హైదరాబాద్ అపార్టుమెంట్లలో వేసవి వస్తే బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే ఆ నీళ్లలోని లవణాలే బెరడు మీదా పేరుకుంటాయి. ఆకు కొనలు కాలినట్టు అవుతాయి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోసే అలవాటు చాలామందికి ఉంది. ఆర్కిడ్‌కు మాత్రం అవి విషంతో సమానం, ఎందుకంటే లవణాలన్నీ చేరేది ఆ నీళ్లలోకే. వాన నీళ్లు అన్నిటికంటే శ్రేష్ఠం. ఏసీ పైపులోంచి చుక్కలుగా కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, వేసవిలో అవే అక్కరకొస్తాయి. టీడీఎస్ మీటరు ఉన్నవాళ్లకు 200 లోపు కనిపిస్తే నిశ్చింత. పోసే పద్ధతి కూడా చెట్టు కొమ్మ మీద వాన పద్ధతే. కుండీని సింకులో పెట్టి, కింద రంధ్రాల్లోంచి ధారగా పారేదాకా పోసి, పూర్తిగా కారనిచ్చి, అప్పుడు పింగాణీ కుండీలో పెట్టాలి. ఇది పొద్దున పూట పని. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే టిష్యూ కాగితంతో అద్దెయ్యాలి. రాత్రంతా అక్కడ తడి ఉంటే ఆ మొవ్వు కుళ్లుతుంది. ఫెలనాప్సిస్‌కు పెరిగే మొన అదొక్కటే, కొబ్బరి చెట్టుకు మొవ్వు ఎంతో దీనికీ అంతే.

అమెరికాలో సూపర్ మార్కెట్ ఆర్కిడ్లకు వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టమని చీటీ కట్టి ఇస్తారు. అక్కడి తెలుగువాళ్ల ద్వారా ఆ చిట్కా ఇక్కడికీ చేరింది. ఉష్ణమండలపు వేరు మీద మంచు పెట్టడమేమిటని పెంపకందారులు కోప్పడ్డారు గానీ, ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఐసు వల్ల వేళ్లకు గానీ పూల ఆయుష్షుకు గానీ నష్టం కనిపించలేదు. అసలు ఆ చిట్కా ఉద్దేశం చల్లదనం కాదు, ఎక్కువ నీళ్లు పోయకుండా చెయ్యి కట్టెయ్యడం. అది అక్కడి గదికి సరిపోయిన కొలత. మే నెల కరీంనగర్‌లో మూడు ఐసు ముక్కలు బెరడు పైపొర కూడా తడపవు.

వేసవిలో అసలు శత్రువు గాలి పొడితనం. ఏసీ గదిలో చల్లగా ఉన్నా గాలిలో తడి ఉండదు. తెలంగాణ ఇళ్లలో వాడే ఎయిర్ కూలర్ ఈ విషయంలో ఏసీ కంటే నయం, చల్లదనంతో పాటు తేమనూ ఇస్తుంది. గాలి నేరుగా కొట్టని మూల చూసుకుంటే సరిపోతుంది. తీరంలో వేడి ఉన్నా తేమ ఉంటుంది కాబట్టి విశాఖలోనో కాకినాడలోనో ఆకుల బాధ తక్కువ. వెలుతురు సంగతి తేలిక. తూర్పు కిటికీ మంచిది, పడమటి ఎండ వద్దు. ఆకు మీద జానెడు ఎత్తున చెయ్యి పెడితే అంచులు మసకబారిన నీడ పడాలి. గీత గీసినట్టు నీడ పడితే ఎండ ఎక్కువ, నీడే లేకపోతే తక్కువ. ముదురాకుపచ్చ రంగు ఆకు చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటుంది కానీ అది వెలుతురు సరిపోని ఆకు.

ఈ మొక్కను రాత్రిపూట ఆక్సిజన్ ఇచ్చేదంటూ పడకగదికి అమ్ముతున్నారు. ఇది సగం నిజం మీద కట్టిన అబద్ధం. నీళ్లు ఆదా చేసుకోవడానికి ఫెలనాప్సిస్ పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాచుకుంటుంది. కానీ ఆక్సిజన్ పుట్టేది వెలుతురులోనే, అంటే పగలే. నీలం రంగు పూల సంగతీ ఇలాంటిదే. దుకాణంలో కనిపించే గాఢ నీలం ఫెలనాప్సిస్ కాడలోకి రంగు ఎక్కించినది. మళ్లీ పూస్తే తెల్లగా పూస్తుంది.

మళ్లీ పూయడం దగ్గరే అసలు చిక్కు. చాలాకాలంగా చెప్పే సలహా ఒకటుంది. రాత్రి చల్లగా, పగలు వెచ్చగా ఉండాలి, రెండింటికీ ఎనిమిది పది డిగ్రీల తేడా కావాలి అని. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బ్లాంచర్డ్, రంకిల్ ఈ మాటను పరీక్షకు పెట్టి 2006లో ఫలితం ప్రచురించారు. పగలూ రాత్రీ ఒకేలా 20 లేదా 23 డిగ్రీలు ఉంచిన మొక్కలకు తేడా అంటూ లేకపోయినా ఎక్కువ శాతం కాడలు వేశాయి. పగలు 29, రాత్రి 17 ఉంచిన మొక్కలకు పన్నెండు డిగ్రీల తేడా ఉన్నా 20 వారాల్లో ఒక్క కాడ కూడా రాలేదు. అంటే మొక్క చూసేది రాత్రి చలిని కాదు, పగటి వేడిని.

పెంపకందారులకు ఇది వ్యాపార రహస్యం కూడా కాదు. నెదర్లాండ్స్ గాజు గృహాల్లో మొక్క తగినంత ఆకులు వేసేదాకా 28 డిగ్రీల దగ్గర ఉంచుతారు, తొందరపడి పూయకుండా. తర్వాత 19, 20 డిగ్రీల గదిలోకి మారుస్తారు, కాడలన్నీ ఒకేసారి వస్తాయి. పండగ తేదీకి పువ్వు సిద్ధం. చెరకు గిట్టుబాటు తగ్గాక తైవాన్ చక్కెర సంస్థ 1980ల్లో ఆర్కిడ్ల వైపు మళ్లింది. ఆ దేశం ఇప్పుడు ప్రపంచానికి ఫెలనాప్సిస్ పంపే పెద్ద కేంద్రాల్లో ఒకటి. అక్కడి రైతులు కాడ వెయ్యడానికి కుండీలను కొండల మీదికి ఎక్కించేవారు. మనకు అరకు, లంబసింగి ఉన్నాయి గానీ ఒక్క కుండీ కోసం ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు ఎవరుంటారు? ఇందులో ఒక తమాషా ఉంది. పూయకుండా ఆపడానికి డచ్చి రైతు డబ్బు ఖర్చుపెట్టి తెచ్చే వేడిని మన ఇల్లు ఏడాదిలో తొమ్మిది నెలలు ఉచితంగా ఇస్తోంది.

ఈ లెక్కతో చూస్తే ఊరూరికీ ఫలితం ఎందుకు మారుతుందో అర్థమవుతుంది. బెంగళూరులో నెలల తరబడి పగటి గది ఉష్ణోగ్రత 26 దాటదు, కాబట్టి అక్కడ పూస్తుంది. అదే మొక్క విజయవాడలో అక్కగారింట్లో పూయదు. హస్తవాసి తేడా కాదది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరిల్లో బయట పగలు 28, 29 దాకా వెళ్లినా ఉత్తరం వైపు గదిలో 24, 25 దగ్గర ఆగుతుంది. కార్తీకం చివర నుంచి పుష్యం దాకా ఆరేడు వారాలు దొరుకుతాయి. అవి చాలు. విజయవాడ, రాజమండ్రిల్లో అదే రోజుల్లో గది 27, 28 మీద ఊగుతుంది. అందుకే ఒక ఏడాది పూసి మరో ఏడాది పూయదు. అక్కడ ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిని వెతకడమే ఉపాయం. పైన అలమారలో కాకుండా నేల మీద పెట్టినా రెండు డిగ్రీలు కలిసొస్తుంది. పగలంతా ఏసీ 23 మీద నడిచే ఆఫీసు గది ఉంటే, మంచి కిటికీ కూడా ఉంటే, అక్కడికి తీసుకెళ్లడం తప్పేమీ కాదు. అయితే తేమ కోసం తడి గులకరాళ్ల పళ్లెం పెట్టుకోవాలి.

దొరికే సమయం ఇంత కొంచెం కాబట్టి మిగతా ఏడాదంతా దానికి సిద్ధం కావడమే పని. మృగశిర కార్తె నుంచి దసరా దాకా కొత్త ఆకులు రెండైనా రావాలి, పాత ఆకంత పొడవుగా ఎదగాలి. ఎరువుకు అర్థం ఉన్నది ఆ నాలుగు నెలల్లోనే. నీళ్లలో కరిగే 20-20-20 లాంటిది లీటరుకు అర గ్రాము, వారం విడిచి వారం, తడిసిన వేళ్ల మీద. మధ్యలో ఒకసారి మంచినీళ్లతో కడిగెయ్యాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ పూస్తుందన్న ఆశ మిరప తోటలో ఎంతవరకు నిజమో గానీ ఇక్కడ కాదు.

అంతా కలిసొస్తే డిసెంబరులో ఒక పొద్దున రెండో మూడో ఆకు మొదట్లోంచి పచ్చటి మొన ఒకటి తొంగిచూస్తుంది. అది వేరా కాడా అన్నది వారం దాకా తేలదు. వేరు మొన గుండ్రంగా, నునుపుగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది. కాడ మొన ఒక పక్కకు చదునుగా, బొటనవేలు విడిగా ఉన్న చిన్నపిల్లల చేతితొడుగులా ఉంటుంది. కాడే అయితే అప్పట్నుంచి కుండీని తిప్పకూడదు, వెలుతురు వైపు వంగిన కాడ తిప్పినకొద్దీ మెలికలు పడుతుంది. మొన కనిపించాక పువ్వు విచ్చడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అంటే ఉగాది దరిదాపుల్లో పూత.

ఆ మూడు నెలల్లో మొగ్గలు పసుపు రంగు తిరిగి రాలిపోవడం ఇంకో బెడద. నీళ్లు తక్కువైనా, ఏసీ గాలి నేరుగా కొట్టినా, ఒక్కసారిగా చోటు మార్చినా రాలతాయి. వీటన్నిటికంటే కనిపించని కారణం ఎథిలీన్ వాయువు. పండ్లు ముగ్గేటప్పుడు వదిలేది అదే, ఈ పూలు దానికి చాలా సున్నితం. పొగబెట్టి అరటి గెలలు ముగ్గబెట్టే పాత పద్ధతి పనిచేసేదీ పొగలోని ఆ వాయువుల వల్లే. కాబట్టి ఫ్రిజ్ మీద అరటిపళ్ల హస్తం పక్కన కుండీ పెట్టడం, మామిడికాయలు గడ్డిలో ముగ్గేసిన గదిలో ఉంచడం, ధూపం దట్టంగా వేసే పూజగది గుమ్మంలో పెట్టడం మొగ్గలకు మంచిది కాదు. పూత కాలం, మామిడి కాలం కలిసి రావడం మన దురదృష్టం.

పురుగులు తక్కువే. ఆకు మొదట్లో దూదిలా కనిపించే పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది, పది రోజులకోసారి మూడుసార్లు చెయ్యాలి. వేసవిలో ఎర్రనల్లి, వానల్లో నత్తలు.

పూలు రాలాక కాడ పచ్చగానే ఉంటే కింద నుంచి రెండో కణుపు పైన కత్తిరించవచ్చు. మిగిలిన కణుపు నుంచి చిన్న కొమ్మ వచ్చి మళ్లీ నాలుగు పూలు పూస్తుంది. నీరసంగా ఉన్న మొక్క నుంచి ఇది ఆశించకూడదు, కాడను మొదలంటా తీసెయ్యడమే మేలు. ఒక్కోసారి కణుపు దగ్గర పూలకు బదులు బుల్లి ఆకులు, బుల్లి వేళ్లతో ఒక పిలక వేస్తుంది. హవాయి భాషలో దాన్ని కేకీ, అంటే పాపాయి, అంటారు. అరటికి పిలక ఎంత సహజమో దీనికి అంత సహజం కాదు గానీ, వేళ్లు రెండంగుళాలు సాగాక విడదీసి వేరే కుండీలో పెడితే తల్లి పూసిన పువ్వే పూస్తుంది. 1949లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గావినో రోటర్ ఆ కణుపులనే కోసి సీసాల్లో పెంచి, ఒక మొక్క నుంచి అచ్చం అలాంటి మొక్కలు తీసే దారి చూపించాడు. తర్వాత వచ్చిన టిష్యూ కల్చర్ వల్లే ఒకప్పటి సంపన్నుల మొక్క ఇప్పుడు పూలగుత్తి ధరకు దొరుకుతోంది.

కోసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆర్కిడ్లలో వైరస్‌లు కత్తెర అంచున అంటిన రసంతోనే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు. కత్తెరను గ్యాస్ పొయ్యి మంట మీద కాల్చి వాడటం ఒక పద్ధతి. షేవింగ్ బ్లేడు మొక్కకొకటి తీసుకుని పారెయ్యడం ఇంకా తేలిక.